కరాటే ఆటలో మస్తాన్ కళ్ళు మండిన రోజు

మా చిన్నప్పుడు... గుంటూరు బస్టాండు వెనక సందులో, రేకుల కప్పు కింద ఒక వీడియో గేముల షాపు ఉండేది. ఎనభైల చివరి సంగతి. లోపల మూడే మూడు పెట్టెలు... ఒక్కోటి బీరువా అంత! బిళ్ళ వేయగానే కుయ్ కుయ్‌మంటూ లేచేవి. అబ్బ... ఆ చప్పుడు తలచుకుంటే ఈ వయసులోనూ నా వేళ్ళు ఊరుకోవండీ!

ఒకటి కార్ల ఆట. దానంత మోసం ఇంకోటి లేదు. పెట్టె మీద ఎర్ర కారు బొమ్మ చూసి నెల రోజులు కలలు కన్నాను. తీరా కూర్చుంటే... స్టీరింగు ఎటు తిప్పినా కారు తిన్నగా పోయి గోడకు గుద్దుకుని తగలబడేది. ఏడుపొచ్చింది.

రెండోది విమానాల ఆట. అది మా మస్తాన్‌కి ప్రాణం.

మూడోది కరాటే ఆట... అదీ నాది! తెల్లబట్టలవాడూ, ఎర్రబట్టలవాడూ పళ్ళు రాలేలా తన్నుకోవడమే. కథా లేదు, కాకరకాయా లేదు. దవడ మీద తంతే ఢభీమని చప్పుడు... పడినవాడి తల చుట్టూ చుక్కలు... దాన్ని మించిన ఆట ఇప్పటికీ ఎవరూ చేయలేదని నా గట్టి నమ్మకం.

మస్తాన్ మా ఊరివాడే, నా ఈడువాడే. వాళ్ళ నాన్న టైలరు. వాడి సైకిల్ మీదే ఇద్దరం బడికి వెళ్ళేవాళ్ళం. దారిపొడుగునా ఇదే గొడవ.

"నీ కరాటే ఒక ఆటేనా! ఎద్దులు కుమ్ముకున్నట్టు ఉంటది. బుర్రతో పనే లేదు," అనేవాడు.

"నీ విమానాలకేం బుర్ర కావాలిరా? బటన్ నొక్కుతూ కూర్చోటమేగా!"

"ఏరా, నీ ఆటలోనే నిన్ను మట్టి కరిపిస్తా, చూస్తావా?"

అలా పందెం పడింది. ఆదివారం మధ్యాహ్నం, కరాటే ఆటలో ఇద్దరం తలపడాలి. మూడింట్లో రెండు గెలిచినవాడి మాటే మాట. ఓడినవాడు షాపులో అందరి ముందూ "నా ఆట చెత్త" అని అరవాలి.

ఆ ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక, అమ్మతో కలిసి మిరప కళ్లానికి వెళ్ళాను. ఎండుకాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరే పని. కళ్లం నుంచి రాగానే చేతులకు ముందు నూనె పట్టించాలి, తర్వాతే సబ్బు. వట్టి సబ్బుకు ఆ ఘాటు వదలదని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ... నూనె రాస్తే హ్యాండిల్ జారుతుందని నా భయం! అమ్మ చూడకుండా సబ్బుతో సరిపెట్టి పరుగెత్తాను. అలవాటుపడిన చేతులు కదా, నాకు మంటే తెలియలేదు.

రేకుల కింద ఉడికిపోతున్నాం. ఎడమవైపు హ్యాండిల్ కాస్త మొద్దు, అందుకని ఆటకోసారి చోటు మార్చుకోవాలని ఒప్పందం. మొదటి ఆట వాడే గెలిచాడు. చోటు మారాం. అప్పటిదాకా నా చెమట చేతులు పట్టుకున్న హ్యాండిల్ ఇప్పుడు వాడి చేతిలో ఉంది. రెండో ఆటలోనూ వాడిదే పైచేయి. ఇంకొక్క దెబ్బ కొడితే నా పని అయిపోతుంది... అప్పుడు వాడు కళ్ళ మీద కారుతున్న చెమటను అరచేత్తో తుడుచుకున్నాడు.

"అమ్మా!" అని గావుకేక పెట్టాడు.

నాటకమనుకున్నాను. పక్కన వాడు కళ్ళు మూసుకుని గెంతుతుంటే, నేను మాత్రం తెర మీద వాడి మనిషిని తన్నుతూనే ఉన్నాను... ఒకటి, రెండు, పది తన్నులు! సిగ్గుచేటు.

"గెలిచా!" అని అరిచానో లేదో, నా గొంతు వినపడిన వైపుకి గుడ్డిగా గుద్దాడు. నా పెదవి చిట్లి, ముందుపన్ను విరిగింది. నేను కడుపులో మోకాలితో పొడిచాను. వాడు నా జుట్టు పట్టి కార్ల పెట్టెకేసి బాదాడు. చొక్కాలు చిరిగాయి, నేలంతా రక్తపు చుక్కలు.

"బయటికి పోయి చావండ్రా!" అని షాపాయన ఇద్దర్నీ మెడపట్టి గెంటేశాడు.

మస్తాన్ కళ్ళు వాచి మూసుకుపోయాయి. "చేతులకి కారం పూసుకొచ్చి గెలుద్దామనుకున్నావురా దొంగ! ఇంక నా సైకిలెక్కమాక. నాతో మాట్లాడమాక."

అప్పుడు తట్టింది నాకు... నా చేతుల ఘాటే హ్యాండిల్ మీదుగా వాడి కళ్ళకెక్కిందని. ఆట పోతే పోయింది... వాడు పోతే నాకెవరున్నారు?

"ఒరేయ్, ప్రభువు తోడు... కావాలని కాదురా! నూనె రాసుకోలా, అంతే!"

"అబద్ధం! ఘాటుంటే నీకు మండలేదేం?"

ఇంక మాటలతో లాభం లేదనిపించింది. "ఇటు చూడరా!" అని రెండు అరచేతులూ నా కళ్ళలో పెట్టి కసిగా రుద్దుకున్నాను.

దేవుడా... నిప్పులు పోసినట్టయింది! రోడ్డు మీద పడి దొర్లాను. పక్కనే మజ్జిగ అమ్మే కోటమ్మత్త కుండెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చింది. ఇద్దరి తలలూ వంచి కళ్ళు కడుగుతూ, "వాడికి మండిందని వీడూ పూసుకున్నాడంట! మీకు పిల్లనెవరిస్తార్రా సన్నాసుల్లారా!" అని తిట్టింది.

ఎప్పటికో మంట తగ్గింది. మస్తాన్ తడుముకుంటూ నా భుజం పట్టుకున్నాడు.

"మూడో ఆట మిగిలే ఉందిరా... వచ్చే ఆదివారం నూనె రాసుకునొచ్చి చావు," అన్నాడు.

ఆ మాట వినగానే కలిగిన సంతోషం నా పెళ్ళిరోజున కూడా కలగలేదంటే నమ్మండి! మా ఇంట్లో మాత్రం ఈ ముక్క చదివి వినిపించకండేం...

మొన్న మా అబ్బాయి టీవీకి గేము తగిలించి, "ఆడు నాన్నా," అన్నాడు. నా ఆనందం ఏం చెప్పను! రక్తం అచ్చం రక్తంలాగే చిమ్ముతోంది. కానీ ఎదుటివాడు ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. నన్ను చంపేసి చక్కా మాయమైపోయాడు... తిట్టుకోవడానికీ లేదు, బతిమాలుకోవడానికీ లేదు.

మీకు ప్రాణమైన ఆట ఏది, ఉసూరుమనిపించిన ఆట ఏది? ఆ ఆట కోసం ఎవరి చొక్కా చించారు? వాళ్ళ పేరు కూడా రాయండి... ఈ రోజుల్లో ఆటలు బోలెడున్నాయి కానీ, కొట్టుకున్నాక మళ్ళీ రమ్మనే మనిషే పక్కన ఉండటం లేదు.