రెండున్నర చెవుల కొమ్ము

మా యూనిట్‌లో జంతువుల బొమ్మలు చేస్తామని చెప్పినప్పుడు మా అమ్మ అవి పిల్లలు ఆడుకునేవనుకుంది. నేను సరిదిద్దలేదు. ఫోమ్‌తో అడవి పందినీ, ఎలుగుబంటినీ నిలువెత్తున చేసి అమెరికా పంపుతామనీ, అక్కడ విల్లుతో వేటాడేవాళ్లు వాటి మీద బాణాలు వేసి గురి కుదుర్చుకుంటారనీ చెబితే ఆ మాట ఆదివారానికల్లా చర్చిలో మా వరుస దాటి పాస్టరమ్మ దాకా వెళ్తుంది. ఆమె నా పేరు మీద ప్రత్యేక ప్రార్థన పెట్టిస్తుంది. ఆ తతంగమంతా నాకెందుకని ఊరుకున్నాను.

సుల్తాన్‌పూర్ దారిలో మాదొక రేకుల షెడ్డు. చుట్టుపక్కలంతా సూదులూ సెలైన్ గొట్టాలూ చేసే పెద్ద కంపెనీలు, మధ్యలో మా ఎలుగుబంట్లు. నా పని చెకింగ్. తయారైన ప్రతి బొమ్మనూ కొలిచి, కాగితం మీద టిక్కులు పెట్టి, కింద సంతకం చెయ్యాలి. బొమ్మకు మొదటి రూపం మట్టితో చేసేది మాత్రం ఒక్కరే, చాచా. అరవై దాటిన మనిషి, పటాన్‌చెరు నుంచి పాత స్కూటర్ మీద వస్తాడు. టేపు ముట్టుకోడు. జాన, బెత్తెడు, బొటనవేలు, ఇవే ఆయన కొలతలు. బక్రీదు ముందు ఆయనకు గిరాకీ ఎక్కువ. నాలుగు గల్లీల వాళ్లు మేకను కొనాలంటే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్తారు. చాచా చెవి పట్టుకుని, పళ్లు చూసి సరేనంటే ఇక బేరమే మిగిలేది.

ఆ వేసవిలో కొత్త ఆర్డరు వచ్చింది. ప్రాంగ్‌హార్న్ అనే అమెరికా జింక. చూడటానికి మన కృష్ణజింక లాగే ఉంటుంది గానీ దాని కొమ్ము మెలి తిరగదు. నిటారుగా లేచి, మధ్యలో ముందుకు ఒక కొన పొడుచుకొచ్చి, చివర కొక్కెంలా వంగుతుంది. ఒక ఒంటికి మూడు జతల కొమ్ములు కావాలన్నారు, చిన్నవి, నడిమివి, పెద్దవి. కొమ్ములూ చెవులూ ఊడదీసి బిగించేలా ఉండాలి. బాణం వెయ్యడం కన్నా ముందు ఆ వేటగాళ్లు నేర్చుకోవలసింది ఒకటుందట. దూరం నుంచి చూసి కొమ్ము ఎంతుందో అంచనా కట్టడం.

వాళ్లు పంపిన కాగితాలు చదివి ఆశ్చర్యపోయాను. బాణం సంగతి ఎక్కడో ఒక మూల ఉంది, మిగతాదంతా చూడటం గురించే. కొమ్మును చెవితో పోల్చాలి. చెవికి ఒకటిన్నర రెట్లుంటే అది చిన్న వయసుది, వదిలెయ్యాలి. రెండు చెవులంత ఉంటే ఆగి ఇంకోసారి చూడాలి. రెండున్నర ఉండి, ముందుకొచ్చిన కొన చెవి చివర కన్నా పైన ఉండి, మొదలు లావుగా ఉంటేనే విల్లు ఎత్తాలి. కంగారుపడేవాడికి ప్రతి కొమ్మూ పెద్దదిగానే కనబడుతుందని కూడా రాశారు. నా మనసు కాస్త తేలికపడింది. చంపడం నేర్పే బొమ్మ అనుకున్నది సగానికి సగం వదిలెయ్యడం నేర్పేదని తేలింది. పాస్టరమ్మ అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట దొరికింది.

చాచాకు అంతా చదివి వినిపించి, ఫొటోలు గోడకు అంటించి, పక్కన చాక్‌పీసుతో రాశాను. చిన్నది ఒకటిన్నర చెవి, నడిమిది రెండు, పెద్దది రెండున్నర. అంగుళాల మాట ఎత్తలేదు. టేపు ముట్టుకోని మనిషికి అంగుళాలెందుకని నా తెలివి.

“చెవి కొలతనా? గిది మా పనే బేటీ. చెవి సంగతి నాకు జెప్తవా నువ్వు?” అని నవ్వాడు.

అదే రోజు మా ఓనరు సారు నన్ను క్యాబిన్‌లోకి పిలిచాడు. “ఈ సాంపిల్ గిన వాపస్ వస్తే ఇగ మట్టి పని బంద్ జేద్దాం. బొమ్మ చెక్కే మిషిన్ తెప్పిస్త. చాచాను ఇంట్ల రెస్ట్ తీస్కొమ్మందాం. ఆయనకు ఇప్పుడే చెప్పకు,” అన్నాడు. చెడ్డ మనిషి కాదు. లెక్క చూసుకునే మనిషి, అంతే. అయినా ఒళ్లు మండింది. ఇంట్లో కూర్చోబెడితే చాచా ఏం చేస్తాడో నాకు తెలుసు. ఏమీ చెయ్యడు, అదే భయం. పండుగకు రెండు రోజులు సెలవిస్తేనే మూడో రోజు తెల్లారేసరికి గేటు దగ్గర నిలబడే మనిషి. బయటికొచ్చేసరికి చాయ్ వచ్చింది. చాచా గ్లాసు ఆయనకు అందించి నా టేబుల్ దగ్గరికి వెళ్లిపోయాను.

శనివారానికి సాంపిల్ తయారైంది. నేను దారంతో చెవి కొలిచి, ఆ దారంతోనే కొమ్ములు కొలిచాను. ఒకటిన్నర, రెండు, రెండున్నర, గీత గీసినట్టు సరిపోయాయి. కొన చెవికి పైనే ఉంది. టిక్కులు పెట్టి సంతకం చేశాను. చాచా పనితనం చూసి నాకే గర్వమేసింది. సోమవారం పదకొండుకు కొరియర్ వాళ్లు వస్తారు.

ఆదివారం చర్చి అయ్యాక కూరగాయల కోసం పటాన్‌చెరు మార్కెట్‌కు వెళ్తే, పక్క ఖాళీ స్థలంలో బక్రీదు మేకల సంత నడుస్తోంది. జనం మధ్య చాచా కనిపించాడు. గోధుమరంగు మేకపోతు ఒకదాని చెవిని అరచేతిలో పరుచుకుని నిలబడ్డాడు. మన మేకల చెవులు తెలిసినవే కదా. మణికట్టు దగ్గర మొదలై ఆయన వేళ్లు దాటి కిందికి వేలాడుతోంది. పలకరిద్దామని చెయ్యెత్తినదాన్ని అట్లాగే ఆగిపోయాను. ఆ చెవిని నిన్ననే దారంతో కొలిచాను. ఇక్కడ వేలాడుతోంది, అక్కడ మా జింక తల మీద నిలబెట్టి ఉంది. తేడా అంతే.

ఫోన్‌లో ఆ అమెరికా జింక ఫొటో తెరిచి చూశాను. ఆ జింక చెవి దాని ముఖంలో సగం ఉంది. మా బొమ్మ చెవి ఇంచుమించు ముఖమంత. చెవి పెద్దదైతే దాన్ని బట్టి కొమ్మూ పెద్దదైంది. తప్పు కొలబద్దలోనే ఉంది కాబట్టి దానితో కొలిచిందల్లా సరిపోయింది. వదిలెయ్యాల్సిన చిన్నదాని కొమ్ము కూడా వేటాడదగ్గ కొమ్మయి కూర్చుంది. ముందు చాచా మీద కోపమొచ్చింది, టేపు ముట్టుకోనంటాడు మహానుభావుడు అని. రెండడుగులు వేసేసరికి అది నా మీదికే తిరిగింది. గోడ మీద చెవి అని రాసిందెవరు? ఎంత చెవో రాయనిదెవరు? కింద సంతకమెవరిది?

“చాచా, జెర పక్కకు రా,” అన్నాను.

“ఆగు బేటీ, ఇంక పండ్లు జూడలే.”

“మేక పండ్లు గట్టిగనే ఉంటయి. మన పండ్లే రాలేటట్టున్నయి. రా.”

పక్కకు తీసుకెళ్లి ఫొటో చూపించాను. “గీ చెవి జూడు. మొఖంల సగమే ఉన్నది. మనం పెట్టింది యాదికి తెచ్చుకో.”

ఆయన చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత తన అరచేతి వంక చూసుకున్నాడు. “కొమ్మునే సూసిన బేటీ. గసొంటి కొమ్ము నేనెన్నడు సూడలే గదా, కండ్లన్ని దాని మీదనే ఉన్నయి. చెవి నాకు తెల్సనుకున్న.”

“నేను గూడ తెల్సనుకునే సంతకం పెట్టిన.”

తనను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లతో “మేక మంచిగున్నది, తీస్కోన్రి” అని ఒక్క మాట చెప్పి స్కూటర్ స్టార్ట్ చేశాడు. వెనక కూర్చున్నాను. కూరగాయల సంచి ఖాళీగానే ఉంది.

వాచ్‌మన్ గేటు తీశాడు. షెడ్డులోకి అడుగు పెట్టగానే చాచా నా వైపు చెయ్యి చాపాడు. “టేపు ఇయ్యి,” అన్నాడు. ఫొటోలో ఒంటి పొడవును బట్టి చెవి ఎన్ని అంగుళాలో నేను లెక్క కట్టాను. ఆయన పాత చెవులు ఊడబీకి కొత్తవి చెక్కాడు. కొమ్ముల్ని మొదలు దగ్గర కోసి, కొనలు అరగదీసి, మళ్లీ బిగించాడు. ఒక్కో జతకూ నేను ఫొటో పట్టుకుని ఎదురుగా దూరంగా నిలబడటం, ఆయన నా ముఖం చూడటం. మధ్యలో నమాజుకు లేచాడు. నేను కూడా ఆ గోడ పక్కనే నిలబడి, నాకు తెలిసిన ప్రార్థన నేను చేసుకున్నాను. సాయంత్రానికి రంగు కూడా అయిపోయింది. ఇప్పుడు చిన్న కొమ్ముల జింక నిజంగానే చిన్నదానిలా ఉంది, లోకం తెలియని ముఖంతో.

సోమవారం సారుకు నేనే చెప్పాను, శనివారం నేను పెట్టిన సంతకం తప్పనీ, ఆదివారం ఇద్దరం కలిసి సరిచేశామనీ. ఆయన చెత్తలో ఉన్న పెద్ద చెవుల్ని తిప్పి తిప్పి చూశాడు. “పోకముందే దొరికింది గదా, నయం. సూద్దాం ఆళ్లేమంటరో,” అన్నాడు. ఆ ‘సూద్దాం’తో రెండు వారాలు గడిపాను. మెయిల్ శబ్దం వస్తే చాలు ఉలిక్కిపడేదాన్ని.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. ముక్కు రంగు కొంచెం ముదురు చెయ్యమన్నారు. మిగతాదంతా ఓకే. చాలా ఏళ్లుగా వేటాడే తమ మనిషిని దూరంగా నిలబెట్టి, మూడు జతలూ మార్చి మార్చి బిగించి చూపించారట. పెద్దదాన్ని చూసి విల్లు ఎత్తుతానన్నాడట. నడిమిదాన్ని చూసి ఇంకాసేపు ఆగుతానన్నాడట. చిన్నదాన్ని చూసి, దాని దారిన దాన్ని పోనిస్తానన్నాడట. సారు రెండుసార్లు చదివి, “ఇగ మిషిన్ ముచ్చట ఇడిసిపెట్టు,” అన్నాడు.

చాచా మట్టి తడుపుతున్నాడు. పరుగున వెళ్లి చెప్పాను.

“చిన్నదాన్ని ఇడిసిపెట్టిండా?” అని అడిగాడు.

“ఇడిసిపెట్టిండు చాచా.”

చేతులు బకెట్లో ముంచి నింపాదిగా కడుక్కున్నాడు. “అయితే మిషిన్ రాదా బేటీ?”

“నీకెవలు జెప్పిన్రు?” అన్నాను.

“ఎవలు జెప్పలే. ఆ దినం క్యాబిన్‌ల కెల్లి వచ్చి నా మొఖం సూడకుంట చాయ్ ఇచ్చినవు. గప్పుడే సమజైంది.”

“రాదు చాచా. ఇగ రాదు,” అన్నాను.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పని వేళలో ఆయన ఊరికే కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. “జెర చాయ్ తెప్పియ్యి,” అన్నాడు. తెప్పించాను. ఈసారి ఆయన ముఖం చూస్తూ ఇచ్చాను.