పళ్ళ డాక్టరు నున్నగా చేసిన అంచులు

కర్మాగారంలో ఆయనను అందరూ పిలిచే పేరు పళ్ళ డాక్టరు. వయసు యాభై ఏడు. ఈ మనవి రాస్తున్న గుమాస్తాతో పరిచయం ఇరవై ఆరేళ్ళు. చమురు బావుల్లో రాతిని తొలిచి అరిగి వచ్చిన డ్రిల్ బిట్లను కడిగి, వాటి పళ్ళను పరీక్షకు సిద్ధం చేయడం ఆయన పని.

తన బల్ల దాటిన బిట్టు ఏ మాత్రం మొరటుగా కనిపించినా ఆయనకు నామోషీ. అందుకే కడగడంతో ఆగేవారు కారు. పంటి అంచు విరిగి ఉంటే సాన పట్టి, నున్నగా చేసి మరీ పైనున్న డిజైను గదికి పంపేవారు. అది తప్పని ఎవరూ అనలేదు, ఎవరికీ తెలియదు గనుక.

మెత్తని పొర కింద ఉన్నట్టుండి గట్టిరాయి తగిలే బావుల కోసం ఒక యువ ఇంజనీరు కొత్త బిట్టుకు రూపకల్పన చేశారు. మొదటి బిట్టు తిరిగి వచ్చిన రోజున ఆమె దాని పళ్ళను వేలితో తడిమి చూశారు.

"ఎంత నున్నగా అరిగాయి బాబాయ్! ఒక్కటీ విరగలేదు. అంటే రాపిడికి ఆగట్లేదన్నమాట. ఇంకా గట్టి పళ్ళు వేద్దాం."

"నీ ఇష్టం తల్లీ. నా చేతిలో పడితే బోసినోరైనా ఫొటోకి నవ్వుతుంది" అని ఆయన మురిసిపోయారు.

గట్టి పళ్ళు పెళుసువి. రెండో బిట్టు రాయి తగిలిన గంటలోనే మొండి చిగుళ్ళతో పైకి వచ్చింది. సాన పట్టడానికి అంచులే మిగలలేదు. అప్పటికి గాని తన సాన తెచ్చిన చేటు ఆయనకు తెలిసిరాలేదు: ఆమె అనుకున్నట్టు మొదటి దాని పళ్ళు రాపిడికి అరిగినవి కావు, రాయి దెబ్బకు విరిగినవి. ఆ ఆనవాళ్ళను చెరిపింది తన చేతులే.

సమావేశంలో పెద్ద ఇంజనీరు ఆ నమూనాను రద్దు చేసి, ఆమెను స్టోరుకు మార్చారు. పళ్ళ డాక్టరు గుమ్మం పక్కనే నిలబడి అదంతా విన్నారు.

"నేనే సరిగ్గా చూడలేదు బాబాయ్" అంటూ ఆమె బయటికి వచ్చారు.

"టీ తాగుతావామ్మా?" అని మాత్రం అనగలిగారు. ఆ మాట గుర్తొస్తే ఆయనకు ఇప్పటికీ తల కొట్టేసినట్టవుతుంది.

ఐదో రోజున గుమాస్తా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నా బుద్ధితక్కువ పని కాగితం మీద పెట్టండయ్యా."

"ఉద్యోగం పోవచ్చు, ఆలోచించుకో."

"ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను. ఉన్నదున్నట్టు రాయండి. నున్నగా మాత్రం చెయ్యకండి."

మొదటి నమూనాదే మరొక బిట్టు నిన్న బావి నుంచి వచ్చింది. ఆయన దానిని బురదతోనే ఉంచి, గోనెపట్టా కప్పారు.

కావున, సదరు బిట్టును ఆ యువ ఇంజనీరు సమక్షంలో కడిగించి, విరిగిన అంచులను ఉన్నవి ఉన్నట్టుగా పరిశీలించి, ఆమెను తిరిగి డిజైను గదిలో నియమించవలసిందిగా, తనపై తీసుకోదలచిన చర్యను ఆమెకు తాను స్వయంగా నిజం చెప్పుకునేంత వరకు ఆపవలసిందిగా, పళ్ళ డాక్టరు తరఫున అధికారులకు సవినయంగా మనవి చేయడమైనది.