ఎస్మెరీనా దొంగచేమలు

మా వీధి పెద్దావిడ దోనా ఎస్మెరీనా దొంగ. నగలూ కోళ్లూ ఆమెకు అక్కర్లేదు, రంగు చేమలు మాత్రమే ఎత్తుకొస్తుంది. అడిగి తెచ్చిన మొక్క బతకదని, దొంగిలించిందే నాటుకుంటుందని మా బెలేమ్ ఊళ్లో మేమంతా అంటాం. మేం అని ఊరుకుంటాం, ఆమె పాటిస్తుంది. స్నానాల నీళ్లు పారే ఆమె పెరటి చిత్తడిలో ఎర్రచుక్కల ఆకులు, గులాబీ ఈనెల ఆకులు నడుముదాకా కమ్ముకుని ఉంటాయి. ఒక్కటీ న్యాయంగా వచ్చింది కాదు.

ఒకసారి ముచ్చటపడి ఒక దుంప తీసుకెళ్లి ఇచ్చాను.

"దాన్ని చంపుదామనా?" అంది. "పట్టుకెళ్లి నీ అరుగుమీద పెట్టి, అటు తిరిగి నిలబడు."

నిలబడ్డాను. వచ్చి దొంగిలించింది. పోతూ పోతూ, "వీపు దురదపెట్టినా తిరగకు" అని హెచ్చరించింది.

పక్కింటి అబెలార్దు పడవ నడపడం మానేసిన ముసలాయన. భార్య ఒదీలియా పోయాక పెరడంతా సిమెంటు చేయించి, ఆమె పెంచిన తెల్లచేమను డబ్బాలోకి మార్చి ఎండ పడే గోడమీద పెట్టాడు. ఆకులు అప్పడాల్లా మాడి, ఒక్కటి మిగిలింది.

"నీడలో పెట్టవయ్యా" అన్నాను.

"నాకప్పగించి పోయింది. నేనే చూసుకుంటా."

ఆ మధ్యాహ్నపు వానలో డబ్బా మాయమైంది. అబెలార్దు తడుస్తూనే ఎస్మెరీనా కంచె దగ్గరికొచ్చాడు. అప్పటికే ఆమె దాన్ని తన చిత్తడిలో నాటేసింది.

"నా భార్య మొక్క ఇవ్వవే, దొంగదానా."

"ఇవ్వడం మా ఇంటా వంటా లేదు. రోజూ వచ్చి తిట్టిపో. తిడుతూ ఆ ఎండుటాకులు కాస్త దుంప చుట్టూ కప్పు. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా."

రోజూ వచ్చాడు. తిట్లు తగ్గాయి, ప్రశ్నలు పెరిగాయి. మూడో నెలలో తన పెరటి సిమెంటు పగలగొట్టి, నీళ్లతొట్టి పక్కన నీడలో మడి కట్టాడు. ఒదీలియా చేమ ఏడాకులు వేసింది.

"ఇక ఇచ్చెయ్యమ్మా."

"ఇస్తే చస్తుందయ్యా." ఆ మాట అన్నప్పుడు ఎస్మెరీనా నిజంగానే భయపడింది. కాసేపు ఆలోచించి, "రేపు భోజనమయ్యాక పడుకుంటాను. ఒళ్లు తెలియని నిద్ర" అంది.

మర్నాడు చేపా అసాయీ పళ్ల గుజ్జూ తిని ఊయలెక్కి గురక మొదలుపెట్టింది. ఆమెకు గురక అలవాటు లేదని వీధంతటికీ తెలుసు. అబెలార్దు కంచె దాటి వచ్చి, తవ్వే తొందరలో దుంప కొస విరిచాడు. గురక ఆగింది.

"పక్కనుంచి తవ్వాలి, మొద్దూ."

గురక మళ్లీ అందుకుంది.

సాయంత్రం వీధంతా తిరిగి గోల పెట్టింది. "ఇంతమంది ఉండి నా చేమను పోగొడతారా?"

"ఎవడో దొంగవెధవ" అన్నాడు అబెలార్దు, గోళ్లలో మట్టితో.

"పాపం, కొత్తవాడు" అంది ఎస్మెరీనా. "తిట్టకు."