బర్రె కడుపులో నా ముడి

ఏడో తరగతిలో నేను బడి మానేసినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది మా లెక్కల సారు. ఆ తర్వాత నేను నేర్చిన విద్యల్లో చెప్పుకోదగ్గది ఒక్కటే, సాంబారు కవరుకు ముడి వేయడం. మిర్యాలగూడలో రైసుమిల్లుల పక్కనున్న హోటల్లో నేర్చాను. లారీవాళ్లకు పార్సిల్ కట్టాలి. కవరు మూతి మెలితిప్పి, దారం గట్టిగా చుట్టి, కొసను చుట్ల కిందికి దోపి ఒక్క గుంజు గుంజితే, లారీ హాలియా దాకా గుంతల్లో ఎగిరినా చుక్క కారేది కాదు. విప్పడం మాత్రం ఎవరివల్లా కాదు, కొరికి చింపుకోవాల్సిందే. అదే నా గొప్ప.

తొంభైల మొదట్లో పెళ్లయి సూర్యాపేటలో కాపురం పెట్టాక, బస్టాండు దగ్గరి టిఫిన్ హోటల్లో పార్సిళ్లు కట్టే పని దొరికింది. అప్పటిదాకా అక్కడ ఇడ్లీలు విస్తరాకులో కట్టేవారు. సాంబారు కావాలంటే గిన్నె తెచ్చుకోవాలి, గిన్నె మరిచినవాడికి చట్నీతోనే సరి. నేను వెళ్లి కవర్లు పెట్టించాను. వారం తిరిగేసరికి జనం చేతులూపుకుంటూ వచ్చి, కవర్లు ఊపుకుంటూ పోయేవారు. ఊరికి నాగరికత నేర్పానని మా ఆవిడ దగ్గర చాలా కోతలు కోశాను.

మా గల్లీ చివర ఒక అవ్వ ఉండేది. ఒంటరిది. ఆమెకున్నదల్లా ఒక బర్రె, దాని పాలతోనే పూట గడిచేది. ఇంటి ముందు కుడితి గోలెం. గల్లీలో ఎవరు బియ్యం కడిగినా ఆ నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, రాత్రి మిగిలిన మెతుకులు అన్నీ ఆ గోలెంలోకే. అవ్వ అందులో ఇంత తవుడు కలిపి బర్రెకు పెట్టేది. చల్ల చిలికిన రోజు గల్లీలో ఇంటికో చెంబెడు చల్ల పోసేది. చెత్తకుండీ అనేదే మాకు లేదు, వేయడానికి చెత్త ఉంటే కదా!

ఎవరింట్లో ఏం వండారో అవ్వకు గోలెం చూస్తేనే తెలిసిపోయేది. ఒకరోజు మా ఆవిడను పట్టుకుంది.

"నిన్న సోరకాయ వండినవా బిడ్డా? తొక్క గంత మందంగ తీస్తే ఇగ కూరల ఏం మిగులుతది? సగం కాయ నా బర్రెకే పెట్టినవ్."

మా ఆవిడది కోదాడ. "పోన్లెండి అవ్వా, గేదె బలంగా ఉంటుంది" అంది.

"గేదెలన్నీ మీ కోదాడలనే ఉంటయ్. గిది బర్రె" అంది అవ్వ.

మధ్యాహ్నం హోటల్లో మిగిలిన చట్నీ, సాంబారు నేను ఇంటికి తెచ్చేవాణ్ణి, నా ముడితోనే. మేం తినగా, కోయకుండా మిగిలిన కవర్లు గోలెం దగ్గరికి పట్టుకుపోయి, పది అడుగుల దూరం నుంచి గురిచూసి విసిరేవాణ్ణి. ధబేలుమని గోలెంలో పడితే నాకు నేనే చప్పట్లు కొట్టుకునేవాణ్ణి. అవ్వ చేయి పెట్టి కవరు తీసి, కత్తిపీటతో కోసి లోపలిది వంపి, కవరు పక్కకు పడేసేది.

"జర కోసి పొయ్యరాదురా పోరడా! నీకేం రోగం?"

"నీ బర్రెకు పార్సిల్ తెచ్చినవ్వా! బస్టాండు హోటల్ల కూసొని తిన్నట్టే ఉంటది దానికి."

అవ్వ నవ్వేది. ఆమె నవ్వినంత కాలం నేను విసురుతూనే ఉన్నాను. ఆమె ఇంట్లో లేనప్పుడు కూడా విసిరాను. నన్ను చూసి గల్లీవాళ్లూ నేర్చుకున్నారు. గిన్నె కడిగే పని తప్పుతుందని తొక్కలు కవర్లలో మూటగట్టి మూటలతోనే వేయసాగారు.

ఒకరోజు బర్రె కుడితి ముట్టలేదు. మర్నాడు నెమరు ఆపేసింది. ఎడమ డొక్క డోలులా ఉబ్బింది. పైగా చూడి బర్రె. అవ్వ దాని మెడ నిమురుతూ కూర్చుంది, పొయ్యి కూడా వెలిగించలేదు. మా ఆవిడ అన్నం పట్టుకెళ్తే, "అది తిననియ్ బిడ్డా, నేను తింట" అంది.

పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చి డొక్క నొక్కి చూశాడు. కోయాల్సిందేనన్నాడు. గల్లీ అంతా చుట్టూ చేరింది. బర్రె తల వైపు తాడు పట్టుకునే పని నాకు పడింది. మత్తిచ్చి, డొక్క కోసి, డాక్టరు భుజం దాకా చేయి పెట్టాడు. కవరు తరువాత కవరు, ఉండలుగా, పీలికలుగా, తట్టెడు వచ్చాయి. చివరికి చట్నీతో ఉబ్బిన కవరొకటి వచ్చింది. ముడి చెక్కుచెదరలేదు. డాక్టరు దాన్ని పైకెత్తి తిప్పి చూశాడు.

"ఎవరయ్యా ఈ ముడి కట్టింది? మేం కుట్లు కూడా గింత గట్టిగ వెయ్యం!"

గల్లీ మొత్తం నా వైపు తిరిగింది. మా ఆవిడ మాత్రం తిరగలేదు, తల దించుకుంది. తాడు నా చేతిలో ఉంది కాబట్టి పారిపోవడానికీ లేదు.

కుట్లు వేసి డాక్టరు చెప్పాడు. మూడు రోజుల్లో నెమరేస్తే బతుకుతుంది, లేకపోతే చెప్పలేం.

ఆయన వెళ్లాక అవ్వ ఆ కవరును కోసి, ముడి ఉన్న ముక్కను బూడిదతో తోమి కడిగి నా చేతిలో పెట్టింది.

"బర్రె నెమరేసేదాక గీడనే కూసోని దీన్ని యిప్పు."

పగలు హోటలు మానేసి కూర్చున్నాను. మొదటిరోజు గోళ్లతో గీకాను. రెండోరోజు పిన్నీసుతో పొడిచాను. పళ్లు పెట్టాలని ఉంది గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లారా చూశాను కదా! ముడి కాస్తయినా వదులు కాలేదు. నా పనితనం మీద నాకే మొదటిసారి అసహ్యం వేసింది. మధ్యమధ్య బర్రె వైపు చూస్తే, అది కళ్లు మూసుకుని ఉండేది.

మూడోరోజు పొద్దెక్కాక బర్రె దవడ మెల్లగా ఒక పక్కకు కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. నెమరు! అవ్వ చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా దగ్గరికొచ్చింది.

"యిప్పినవా?"

"రాలే అవ్వా."

"కట్టినోడివి నువ్వు. పది వేళ్లున్నయ్ నీకు. నీకే రాకపాయె. అది నోటితోని ఎట్ల యిప్పుకుంటదనుకున్నవ్?"

 ఆ ముడిని జేబులో వేసుకుని హోటలుకు పోయాను.

హోటల్లో కవర్లు ఆగలేదు. వాటిని తేవడం నాకు తేలికే అయింది గాని, ఆపమంటే ఓనరు నన్నే ఆపేస్తానన్నాడు. అయితే గరిటె నా చేతిలోదే. గిన్నె తెచ్చినవాడికి రెండు గరిటెలు ఎక్కువ పోసేవాణ్ణి. మా గల్లీ జనానికి అంత చాలు, బిందెలు తేలేదు గాని తక్కిన గిన్నెలన్నీ తెచ్చారు.

బర్రె దుడ్డెను ఈనింది. అవ్వ మళ్లీ చల్ల పోసింది. అందరికీ నేరుగా చెంబులో పోసేది. నేను వెళ్తే మాత్రం, "ముందుగాల చేతులు సూపియ్" అనేది. చెంబు కింద పెట్టి, రెండు చేతులూ చాపేవాణ్ణి. కవరేమన్నా ఉందేమోనని అవ్వ చూసేది. బర్రె కూడా మెడ చాపి ఒకసారి వాసన చూసేది. ఇద్దరికీ నమ్మకం కుదిరాకే నాకు చల్ల.