కాజాలమ్మ పావుగంట

కాజాలమ్మ కుట్టిన కాజాలోకి బొత్తాం దానంతటదే దూరి కూర్చుంటుందని వీధంతా చెప్పుకుంటారు. ఆమె కుట్టిన చొక్కా తొడుక్కుని అద్దం దగ్గరికి వెళ్లేలోపు బొత్తాలన్నీ పెట్టేసి ఉండేవట! ఇందులో అబద్ధం ఓ పిసరుంటే ఉండనివ్వండి, పనితనం మాత్రం నిజం.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం ఒకే చొక్కాకు రెండు పక్కలా కాజాలు కుట్టేసింది. ఇక బొత్తాలెక్కడ పెట్టాలి? ఆమె భర్త, కటింగ్ మాస్టారు, కుడిచెయ్యి పడిపోయి ఆరు నెలలుగా వెనకగదిలో మంచం మీదే ఉన్నాడు. ముందుగదిలో షాపు, వెనకగదిలో మంచం, మధ్యలో ఆమె పరుగు. ఆ చొక్కా చూశాక, తానూ ఎక్కడో పిగిలిపోతున్నానని ఆమెకు తెలిసింది.

గుడ్డ మీద గీసే సుద్ద తీసుకుని ముందుగది గచ్చు మీద ఎనిమిది గళ్లు గీసింది. కోటు బొత్తాం విసిరి, కొంగు బిగించి, ఒంటికాలి మీద గెంతింది. ఆ దెబ్బకు మూడిళ్ల అవతల ఆగిపోయిన గడియారం కొట్టుకోవడం మొదలెట్టిందంటారు. నాటినుంచి రోజూ నాలుగింటికి పావుగంట తొక్కుడుబిళ్ల.

సంగతి మాస్టారి అక్క చెవిన పడింది. సరిగ్గా నాలుగింటికే దిగింది.

"మొగుడు మంచాన ఉంటే నీకు గెంతులు కావాల్సొచ్చాయా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ మేమూ ఆడతామన్నారొదినా. గచ్చు చాలదని నేనే వద్దన్నా."

"వేళాకోళమా? ఆ సుద్ద ఇలా తే!"

కాజాలమ్మ సుద్దను గుప్పిట్లో బిగించింది. ఈ పావుగంట పోతే మిగతా రోజంతా తాను నిలబడలేనని ఆమెకు తెలుసు.

"ఇవ్వను. పొద్దున్నుంచీ అన్నీ ఎవరికోసమో చేస్తున్నా. ఇదొక్కటి నాది."

"దీనివల్ల ఒరిగేదేంటే?"

"ఏమీ ఒరగదు. అందుకే ఆడుతున్నా."

వెనకగదిలోంచి మాస్టారి గొంతు వినిపించింది. "ఆడనీ అక్కా. కాకపోతే ఆ మూడో గడి వంకర. ఓ అంగుళం తగ్గించమను."

ఆరు నెలల్లో ఆయన ఒకదానికి వంక పెట్టడం అదే మొదలు. అయినా కాజాలమ్మ కరగలేదు.

"మీ కొలతలు గుడ్డ మీద చూపించండి. నా గళ్లు ఇలాగే ఉంటాయి."

"నిన్న గీత కూడా తొక్కావు. చూశాను."

"మంచంలోంచి ఏం కనిపిస్తుందీ? అబద్ధాలకోరు!"

అక్కగారు స్టూలు మీద కూలబడింది. కాజాలమ్మ విసిరిన బొత్తాం గళ్లు దాటి దొర్లుకుంటూ పోయి స్టూలు కింద దూరింది.

"కాస్త కాలు తియ్యొదినా," అంది, ఒంటికాలి మీదే నిలబడి. "ఇంకా అయిదు నిమిషాలుంది."