నేను రాసిన ఒకటి

ఆ రోజు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు అమ్మ విత్తనం కాయల మూట విప్పింది. అప్పుడే నేను మా ఇంటి ఫారం తీస్తూ గడియారం చూసుకున్నాను. బడిపంతుల్ని కాబట్టి జనాభా లెక్కల పని నాకు పడింది. మా వీధి కూడా నాకే ఇచ్చారు.

వసారాలో ఆడవాళ్ళు వేరుశనగకాయలు ఒలవడానికి కూర్చున్నారు. వాళ్ళ మధ్య మా చెల్లెలు. పుట్టినప్పుడు తమ్ముడన్నారు. పదహారో ఏట నుంచి తను ఆడపిల్లనని చెబుతూ వచ్చింది. నేను మనసులో చెల్లెలనే అనుకునేవాణ్ణి. నాయన ముందు ఎప్పుడూ అనలేదు.

“ఏమే, నీవి చేతులా, మిషనా?” అంది పక్కింటి పెద్దమ్మ.

“మిషన్ గింజ పగలగొడ్తాది పెద్దమ్మా. నేను పగలగొట్టను.”

ఫారంలో మగకు ఒకటి, ఆడకు రెండు, ఇతరులకు మూడు. ముందురోజే తనకు చెప్పాను. “రెండు రాయన్నా. కాకుంటే మూడు రాయి. ఒకటి మాత్రం రాయాకు,” అంది. అంతకు ముందు తను నన్ను ఏదీ అడిగి ఎరగదు.

లోపలికి వెళ్తే నాయన మంచం మీద నుంచే చెప్పాడు. “నాకిద్దరూ మగపిల్లోల్లే. రాస్కో. ఏమప్పా, సొంతింటి లెక్క కూడా తెలీదా నీకు?”

వయసు ఇరవై మూడు అని రాశాను. ఇంకో గడిలో ఒకటి వేశాను.

బయటికి వస్తుంటే తను తలెత్తింది.

“రాసినావా అన్నా?”

“రాసినా.”

“ఎంత?”

“రెండు.”

నవ్వి, గుప్పెడు గింజలు నా చేతిలో పోసింది. “ఇందా, తిను. పొద్దున్నుంచి తిరుగుతాండావు.” విత్తనం గింజలు తినకూడదని మా ఇంట్లో పట్టింపు. అమ్మ చూసి, మళ్ళీ ఒలవడంలో పడింది.

పోయినేడు తను అనంతపురం ఆస్పత్రిలో జ్వరంతో చనిపోయింది. మూడో రోజున పెద్దమ్మ నా పక్కన కూర్చుంది. “యాడికి పోయినా చెప్పుకునేదప్పా. ‘సర్కారు లెక్కలో నేను ఆడదాన్నే, మా అన్న రాసినాడు’ అని. కూలికి పోయిన చేన్లో కూడా అదే మాట.”

నేను అవునన్నాను.

తర్వాత ఆ లెక్కల పట్టికలు వెతికి చూశాను. ఒక్కో వయసుకు ఒక్కో వరస. పురుషులకు ఒక గడి, స్త్రీలకు ఒక గడి. మూడు వేయించుకున్నవాళ్ళను పురుషుల్లోనే కలిపారట. నేను మూడు వేసినా తను అక్కడికే చేరేది. ఈ సంగతి నాకేమీ ఊరట ఇవ్వలేదు. రెండు వేసి ఉంటే పక్క గడిలో ఉండేది. ఇప్పటికీ ఇరవై మూడు దగ్గర ఆగి, పురుషుల్లో ఒకటి తీసేసి, స్త్రీలలో ఒకటి కలిపి చదువుకుంటాను.

ఒక్కోసారి వసారాలో కాయ చిట్లినట్టు వినిపిస్తుంది. లేచి వెళ్తే ఎవరూ ఉండరు. విత్తనం కాయలు ఇప్పుడు మిషన్‌కు వేస్తున్నాం. గింజలు చాలా పగులుతాయి. మా ఇంట్లో చేత్తో ఒలవడం లేదు.