జామచెట్టుకు వేలాడిన బాబాయి గొంతు

ఖరీదైన ఖాళీ సీడీ మీద పాట బాగుంటుందా, చవకదాని మీదా అంతేనా అని ఇప్పుడు నన్నెవరూ అడగరు. సీడీ పెట్టుకునే పెట్టెలే ఇళ్లలో లేవు. అయినా చెబుతాను, ఎందుకంటే ఆ సంగతి తేల్చబోయి నేను చావింట్లో జనాన్ని పగలబడి నవ్వించాను. ఇది చదివి మీరు నన్ను ఏమన్నా అనుకోండి, మీకంటే ముందే అన్నవారున్నారు. అందులో ఒకాయన అప్పటికే పోయాడు.

మాది తల్లాడ దగ్గర పల్లె. మా బాబాయి భజనలు పాడేవాడు. ఆయన పోయాక ఆ గొంతు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్టులో. చిన్నప్పుడు దాన్ని రికార్డు చేసింది నేనే.

"రవీ, పెద్దకర్మ నాడు జనం అన్నాలకు కూసున్నప్పుడు మీ బాబాయి పాట పెట్టియ్యాలె నాయనా. ఒక్కపారి వింట," అంది పిన్ని. ఆయన పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదు, అన్నం సరిగా ముట్టలేదు. నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

మైకుసెట్టు యాకూబ్ దగ్గర క్యాసెట్ల మిషన్ పాడైంది. "సీడీ చేసి తే తమ్మీ, మోగిస్త," అన్నాడు.

నేనప్పుడు ఖమ్మంలో చదువుకుంటున్నాను. గదిలో కంప్యూటరుంది. పైగా సీడీల మీద ఒక వ్యాసం కూడా చదివి ఉన్నాను. ఒక్క వ్యాసం చదివినవాడికుండే ధైర్యం వంద పుస్తకాలు చదివినవాడికి ఉండదు. ఖాళీ విస్తరి ఎగిరెగిరి పడుతుందంటారు. ఖాళీ సీడీ చేతబట్టినవాడు అంతకన్నా ఎత్తు ఎగురుతాడు.

ముందు ఒక చవక సీడీ మీదికి క్యాసెట్టును ఉన్నదున్నట్టు ఎక్కించాను. తర్వాత ఖరీదైనది కొని, దాని మీదికి శుభ్రం చేసిన పాట ఎక్కించాను. శుభ్రమంటే, బాబాయి దగ్గులూ మాటలూ కేకలూ అన్నీ కోసేశాను. క్యాసెట్టు గదిలోనే వదిలి, రెండు సీడీలూ పట్టుకుని ఊరికి వచ్చాను.

"రెండిట్ల తేడా ఏందిరా? రెండూ గుండ్రంగనే ఉన్నయ్ గదా," అంది పిన్ని.

"చవకదాంట్ల గొంతు నిలవది పిన్నీ. ఓటికుండల నీళ్లే. పారెయ్యడమే."

"పారేస్తవా? ఇటియ్యి. జామచెట్టుకు కడత. చిలకలన్న రాకుండ ఉంటయ్."

మైకుకు గుంజ పాతడానికి వచ్చిన యాకూబ్ అన్నాడు, "ఒకపారి రెండూ ఏసి చూద్దాం తమ్మీ."

"అక్కర్లేదన్నా. చవకది ఏస్తే నీ మిషన్ పాడైతది."

ఖరీదైన సీడీని బాబాయి ఫోటో ముందు పెట్టి, పిన్నికి జాగ్రత్త కూడా చెప్పాను. "పేరు రాసిన దిక్కు ముట్టకు. ప్రాణమంతా ఆ పూత కిందనే ఉంటది."

పెద్దకర్మ నాడు బంధువులంతా వచ్చారు. విస్తళ్లు వేశారు. యాకూబ్ సీడీ పెట్టి మీట నొక్కాడు. మైకులోంచి బల్లి పలికినట్టు టకటకమంది. అంతే. ఆయన సీడీ బయటికి తీసి తిప్పి చూశాడు.

"ఇదేంది తమ్మీ, దీనికి బొట్లున్నయ్?"

మెరిసే వైపు చుట్టూ గంధం బొట్లు, వరసగా.

"నేనే పెట్టిన," అంది పిన్ని. "ఫోటోకు పెట్టి గొంతుకు పెట్టకుంటే ఎట్ల? పేరున్న దిక్కు ముట్టొద్దన్నవ్ గదా. అందుకే అద్దమోలె ఉన్న దిక్కు పెట్టిన."

ఆమెను అనడానికి సందు లేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది. నేను కండువా తీసుకుని రుద్దాను. గంధం ఎండి గట్టిపడింది. ఇత్తడి చెంబు తోమినట్టు తోమాను. గంధం పోయింది, దానితోపాటు మెరుపూ పోయింది. మళ్లీ పెడితే బల్లి కూడా పలకలేదు.

"క్యాసెట్టేదిరా?" అన్నారెవరో.

"ఖమ్మంల, గదిల."

విస్తళ్లలో అన్నం పడింది. పిన్ని మైకు కట్టిన గుంజ వైపే చూస్తూ కూర్చుంది.

యాకూబ్ లేచి పెరట్లోకి నడిచాడు.

"అది పనికిరాదన్నా, ఎండకు..."

"నువ్వాగు తమ్మీ."

చవక సీడీని చెట్టు నుంచి విప్పుకొచ్చాడు. దాని మీదున్న రెట్టలు చూస్తే చిలకలు దానికి భయపడలేదని తెలిసింది. దాన్ని చొక్కాకు తుడిచి మిషన్‌లో పెట్టాడు.

ముందుగా ఒక దగ్గు వినిపించింది. బాబాయి దగ్గే. పిన్ని తలెత్తింది. ఆ తర్వాత ఊరంతా వినేలా మైకు మోగింది.

"ఒరేయ్ రవీ! ఆ మీట ముట్టకురా! తెల్వకుంటే తెల్వదని చెప్పు. అన్నీ తెలిసినట్టు చేస్తవ్, ఆఖరికి అంతా ఆగం చేస్తవ్!"

ఒక్క క్షణం ఎవరి చెయ్యీ నోటిదాకా వెళ్లలేదు. తర్వాత ఎవరికో పొలమారింది.

"సచ్చినంక గూడ పోరన్ని ఇడ్సిపెట్టలే!" అన్నాడొక పెద్దాయన.

పంక్తి పంక్తంతా నవ్వింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. అప్పటికి పాట మొదలైంది. పాట అయ్యాక ఆమె విస్తరి ముందు కూర్చుని, "ఇంత పప్పెయ్యి," అంది.

చవక సీడీ దేవుడి గూట్లోకి చేరింది. ఖరీదైనదాన్ని పిన్ని జామచెట్టుకు కట్టింది. చిలకలు దానికీ భయపడలేదు. ఈ రెండింటికీ తేడా లేదని నేను కళ్లారా చూసి తేల్చిన విషయం అదొక్కటే.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. పోయినవాళ్ల దగ్గు ఇక కత్తిరించను. తెలియనిదాన్ని తెలియదనే చెబుతాను. ఖరీదైన సీడీ మంచిదా, చవకది మంచిదా అంటారా?

నాకు తెలియదు.